రిఫరెన్స్ డ్రాయింగులలో లైన్‌టైప్ ప్లాటింగ్ దోషాలు: హోసూరు, కృష్ణగిరి డ్రాఫ్టింగ్ పనుల నేపథ్యంలో

కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగులో ముక్కలు ముక్కలుగా ఉండాల్సిన గీత కాగితం మీద నిండుగీతగా పడటాన్ని, లేదా ముక్కల పొడవు, మధ్య ఖాళీ ఉండాల్సినట్టు కాక వేరేగా రావడాన్ని లైన్‌టైప్ ప్లాటింగ్ దోషం అంటారు. ఒకే ఫైలులో గీసి ప్రింటు తీసే చిన్న పనుల్లో ఇది అరుదు. ఒకరి డ్రాయింగును మరొకరు తమ డ్రాయింగులోకి రిఫరెన్స్‌గా తెచ్చుకున్నప్పుడు తరచుగా ఎదురవుతుంది. గీత రూపాన్ని తేల్చే అమరికలు కొన్ని గీసినవారి ఫైలులో, కొన్ని తెచ్చుకున్నవారి ఫైలులో, మిగిలినవి ప్రింటు తీసే చోట ఉండటమే దీనికి కారణం. అందువల్ల దోషం వెతకడమంటే ముందుగా ఆ అమరిక ఎవరి ఫైలులో ఉందో తేల్చుకోవడం. ఈ వ్యాసం ప్రధానంగా ఆటోక్యాడ్‌ను, దాని డీడబ్ల్యూజీ ఫైళ్లను ఆధారం చేసుకుని, హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు ఫ్యాక్టరీ, సర్వే డ్రాయింగుల నేపథ్యంలో విషయాన్ని వివరిస్తుంది.

పరిభాష

లైన్‌టైప్ అంటే గీతలో ముక్క, ఖాళీ, చుక్క ఏ వరుసలో ఎంత పొడవున రావాలో చెప్పే నిర్వచనం. కనబడని అంచులకు హిడెన్, అక్షాలకు సెంటర్, కదిలే భాగాల మరో స్థానానికి ఫాంటమ్ రకాలు వాడతారు. ఈ నిర్వచనాలు డాట్ లిన్ అనే సాదా టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. అంగుళాల డ్రాయింగులకు ఎకాడ్ డాట్ లిన్, మిల్లీమీటర్ల డ్రాయింగులకు ఎకాడ్‌ఐసో డాట్ లిన్ ఆటోక్యాడ్‌తోనే వస్తాయి.

ఎక్స్‌రెఫ్ అంటే బయటి డ్రాయింగును తనలో కలుపుకోకుండా చూపించే ఏర్పాటు. మూలఫైలు మారితే, దాన్ని తెచ్చుకున్న ఫైలులోనూ మార్పు కనబడుతుంది. తెచ్చుకున్న ఫైలును ఈ వ్యాసంలో హోస్టు ఫైలు అంటున్నాం. అసలు కొలతల్లో గీసే చోటు మోడల్ స్పేస్. కాగితం కొలతల్లో షీటు అమర్చుకునే చోటు పేపర్ స్పేస్ లేదా లేఅవుట్. లేఅవుట్ నుంచి మోడల్‌ను ఏదో ఒక స్కేలులో చూపే కిటికీ వ్యూపోర్ట్.

హోసూరు పరిసరాల్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే ఆఫీసుల్లో కూడా ఈ మాటలు ఇంగ్లీషు రూపంలోనే నడుస్తాయి. దోషాన్ని చెప్పేటప్పుడు మాత్రం "డాట్స్ రాలేదు", "లైను కలిసిపోయింది", "కంటిన్యూగా పడింది" అంటారు. ఈ మూడు మాటలూ ఒకే అర్థంలో వాడుకలో ఉన్నా, వాటి వెనక కారణాలు వేరు. మొదటిది చాలాసార్లు స్కేలు దోషం. రెండోది పెన్ను మందానికి, కాగితానికి సంబంధించింది. మూడోది లేయర్‌లోనో, ప్లాట్ స్టైల్‌లోనో ఉంటుంది.

చారిత్రక నేపథ్యం

చేతితో గీసే రోజుల్లో ముక్క పొడవు డ్రాఫ్ట్స్‌మన్ చేతి అలవాటు. ట్రేసింగ్ కాగితం మీద ఇండియన్ ఇంకుతో గీసిన గీతకు స్కేలుతో సంబంధం ఉండేది కాదు. 1:100 షీటులోనైనా 1:500 షీటులోనైనా ముక్క కాగితం మీద అంతే ఉండేది. మన దేశంలో గీతల సంప్రదాయాలను మొదట ఐఎస్ 696 అనే ప్రమాణం చెప్పింది. తర్వాత పాలిటెక్నిక్‌లలో, ఇంజనీరింగ్ కాలేజీల్లో అందరి చేతుల్లోకీ వచ్చిన పుస్తకం భారత ప్రమాణాల సంస్థ ప్రచురించిన ఎస్‌పి 46. అంతర్జాతీయంగా ఐఎస్‌ఓ 128 ప్రమాణం ముక్క, ఖాళీ పొడవులను గీత మందంతో ముడిపెట్టింది: హిడెన్ తరహా గీతలో ముక్క మందానికి 12 రెట్లు, ఖాళీ 3 రెట్లు. 0.25 మి.మీ. గీతకు ముక్క 3 మి.మీ., ఖాళీ 0.75 మి.మీ. అవుతాయి. కంప్యూటర్‌లో ఈ ముడి దానంతట అది ఉండదు. గీత మందం ఒకచోట, ముక్క పొడవు మరోచోట అమర్చుకోవాలి.

ఒక మూల బొమ్మను పలుచోట్ల ప్రతిరూపంగా చూపి, మూలం మారితే అన్నీ మారేలా చేసే ఆలోచన 1963లో ఇవాన్ సదర్‌లాండ్ ఎంఐటీలో చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే ఉంది. చేతిపనిలో దీనికి సాటి వచ్చేది పాలియెస్టర్ ఫిల్ముల పద్ధతి: సివిల్ ప్లాను ఒక ఫిల్ము మీద, పైపులు మరో ఫిల్ము మీద గీసి, పిన్నులతో ఒకదానిమీద ఒకటి సరిపెట్టి ప్రింటు తీసేవారు. ఆటోక్యాడ్ 1982 చివర్లో విడుదలైంది. 1990లో వచ్చిన రిలీజ్ 11లో ఎక్స్‌రెఫ్, పేపర్ స్పేస్ రెండూ ఒకేసారి ప్రవేశించాయి. ఈ వ్యాసం చెప్పే దోషాల్లో చాలావాటి పుట్టుక అక్కడే, ఎందుకంటే గీతకు "ఎవరి ఫైలు", "ఏ స్పేసు" అనే రెండు ప్రశ్నలు ఒక్కసారే వచ్చి చేరాయి. రిలీజ్ 13లో అక్షరాలు, చిహ్నాలు కలిసిన లైన్‌టైపులు వచ్చాయి. 1999లో వచ్చిన ఆటోక్యాడ్ 2000 ఒకే ఫైలులో పలు లేఅవుట్లను తెచ్చింది. ఆటోక్యాడ్ 2008 అనొటేషన్ స్కేలును, దానితోపాటు ఎంఎస్‌ఎల్‌టీస్కేల్ అమరికను తెచ్చింది.

ప్రాంతీయ నేపథ్యం

తమిళనాడు పారిశ్రామిక ప్రోత్సాహక సంస్థ సిప్‌కాట్ 1971లో ఏర్పడింది. హోసూరు సిప్‌కాట్‌లో 1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్ లారీల ఫ్యాక్టరీ, టీవీఎస్ మోపెడ్ల తయారీ మొదలయ్యాయి. 1984లో టాటా గ్రూపు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ టిడ్కో కలిసి స్థాపించిన టైటన్ గడియారాల ఫ్యాక్టరీ కూడా హోసూరులోనే వెలిసింది. పెద్ద ఫ్యాక్టరీల చుట్టూ ప్రెస్ టూల్స్, డైలు, జిగ్‌లు, ఫిక్స్చర్లు చేసే చిన్న యూనిట్లు పెరిగాయి. కృష్ణగిరి 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపోయి జిల్లా అయింది. హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయింది. జిల్లాలోని బర్గూరులో 1994లో ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడింది.

డ్రాయింగుల పరంగా ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడి ఒక్క ఫ్యాక్టరీ స్థలం పనిలో మూడు నాలుగు రకాల ఫైళ్లు కలుస్తాయి. గ్రామ సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) నకళ్లను ఆధారం చేసుకుని టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో కొలిచిన సర్వే ఫైలు మీటర్లలో ఉంటుంది. నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు నుంచి వచ్చే భవనం ప్లాను మిల్లీమీటర్లలో ఉంటుంది. యంత్రాల సరఫరాదారు ఇచ్చే లేఅవుట్ ఒక్కోసారి అంగుళాల టెంప్లేట్‌లో మొదలై ఉంటుంది. వీటన్నిటినీ ఎక్స్‌రెఫ్‌గా పేర్చి, డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ) అనుమతికి ఒక షీటు, కాంట్రాక్టరుకు మరో షీటు, ఎలక్ట్రికల్ పనికి ఇంకో షీటు తీస్తారు. యూనిట్లు మూడు, టెంప్లేట్లు రెండు, స్కేళ్లు నాలుగు అయిన చోట లైన్‌టైప్ చెడకుండా రావడానికి ముందస్తు ఒప్పందం తప్పనిసరి.

ముక్క పొడవు ఎలా తేలుతుంది

కాగితం మీద పడే ముక్క పొడవు నాలుగు సంఖ్యల గుణకారం: లిన్ ఫైలులోని నిర్వచనం, ఆ గీతకు మాత్రమే చెందిన స్కేలు, ఫైలు మొత్తానికి చెందిన ఎల్‌టీస్కేల్, వ్యూపోర్ట్ స్కేలు. గీతకు చెందిన స్కేలును, ఆ గీత గీసే సమయంలో ఉన్న సీఈఎల్‌టీస్కేల్ విలువ నిర్ణయిస్తుంది. తర్వాత ప్రాపర్టీస్ పట్టీలో మార్చవచ్చు. నాలుగో సంఖ్య గుణకారంలోకి రావాలా వద్దా అన్నది పీఎస్‌ఎల్‌టీస్కేల్ చెబుతుంది. అది 0 అయితే వ్యూపోర్ట్ స్కేలు కలుస్తుంది. 1 అయితే కలవదు. అప్పుడు ముక్క పొడవును కాగితం కొలతగానే లెక్కిస్తుంది. చేతితో గీసిన కాలపు తీరు ఈ రెండో అమరికతోనే తిరిగి దొరుకుతుంది: ఒకే షీటులో 1:100, 1:20 వ్యూపోర్టులు పక్కపక్కన ఉన్నా ముక్కలు ఒకే పొడవున పడతాయి.

ఉదాహరణకు ఎకాడ్‌ఐసో డాట్ లిన్‌లో హిడెన్ ముక్క 6.35, ఖాళీ 3.175. మిల్లీమీటర్ల డ్రాయింగును ఎల్‌టీస్కేల్ 1తో, పీఎస్‌ఎల్‌టీస్కేల్ 0తో 1:100 వ్యూపోర్ట్‌లో ప్రింటు తీస్తే ముక్క 0.0635 మి.మీ., ఖాళీ 0.03 మి.మీ. వరకు కుదించుకుపోతాయి. గీత మందమే 0.25 మి.మీ. ఉన్నప్పుడు ఆ ఖాళీ కంటికి కాదు కదా, భూతద్దానికీ కనబడదు. పీఎస్‌ఎల్‌టీస్కేల్‌ను 1 చేసి, ఎల్‌టీస్కేల్‌ను 0.5 చేస్తే ముక్క సుమారు 3.2 మి.మీ., ఖాళీ 1.6 మి.మీ. వస్తాయి. షీటు మీద చదవడానికి ఇది చక్కని కొలత. అదే ఫైలులో ఐసో పేరుతో మొదలయ్యే లైన్‌టైపులు వాడితే లెక్క మారుతుంది. అవి 1 మి.మీ. పెన్నుకు రాసుకున్నవి కాబట్టి 0.25 మి.మీ. గీతకు ఎల్‌టీస్కేల్ 0.25 ఉండాలి. అప్పుడు 12, 3 అనే నిర్వచనం కాస్తా ప్రమాణం చెప్పిన 3 మి.మీ., 0.75 మి.మీ. దగ్గరికి కచ్చితంగా వస్తుంది. ఈ రెండు కుటుంబాలను ఒకే షీటులో కలపకపోవడం మంచిది.

పీఎస్‌ఎల్‌టీస్కేల్ మార్చిన వెంటనే తెర మీద మార్పు రాదు. రీజెన్‌ఆల్ ఆదేశం ఇచ్చాకే గీతలు కొత్త లెక్కతో గీయబడతాయి. వ్యూపోర్ట్ స్కేలు మార్చినప్పుడూ అంతే. ఈ ఒక్క ఆదేశం ఇవ్వకపోవడం వల్ల సరైన అమరికను తప్పనుకుని మళ్లీ మార్చేసే సందర్భాలు ఎన్నో.

మోడల్ ట్యాబ్‌లో కనబడే రూపానికి ఎంఎస్‌ఎల్‌టీస్కేల్ బాధ్యత వహిస్తుంది. అది 1 అయితే మోడల్‌లో ఎంచుకున్న అనొటేషన్ స్కేలు ప్రకారం ముక్కలు పెద్దవవుతాయి. 0 అయితే లేఅవుట్‌లో సరిగా పడే గీతలు మోడల్‌లో నిండుగీతల్లా కనబడతాయి. ఇది దోషం కాదు. ప్రింటు లేఅవుట్ నుంచి తీసేటట్టయితే వదిలేయవచ్చు.

ఎక్స్‌రెఫ్‌లో మారేదేమిటి

మూలఫైలులోని ఎల్‌టీస్కేల్ హోస్టు ఫైలులోకి రాదు. హోస్టు ఫైలు ఎల్‌టీస్కేల్, పీఎస్‌ఎల్‌టీస్కేల్ మాత్రమే చెల్లుతాయి. మూలఫైలు నుంచి వచ్చేవి లైన్‌టైప్ నిర్వచనం, గీతగీతకు ఉన్న సొంత స్కేలు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే ఎక్స్‌రెఫ్ లైన్‌టైప్ దోషాల్లో చాలావరకు తమంతట తామే అర్థమవుతాయి.

ఒక సర్వేయరు మీటర్ల ఫైలును 1:500 స్కేలులో పీఎస్‌ఎల్‌టీస్కేల్ 0తో ప్రింటు తీసుకునేవారు అనుకుందాం. ఆ స్కేలులో 1 మీటరు కాగితం మీద 2 మి.మీ. అవుతుంది. 6.35 యూనిట్ల ముక్క 12.7 మి.మీ. పొడవున పడుతుంది కాబట్టి ఆయన ఎల్‌టీస్కేల్‌ను 0.25 చేసుకుని 3.2 మి.మీ. దగ్గరికి తెచ్చుకుంటారు. ఆయన షీటు చక్కగా ఉంటుంది. ఆ ఫైలును తెచ్చుకున్న ఆర్కిటెక్టు ఫైలులో ఆ 0.25 కు విలువ లేదు. తప్పు సర్వేయరుదీ కాదు, ఆర్కిటెక్టుదీ కాదు. ఇద్దరి అమరికలూ ఎవరికి వారికి సరైనవే. ఇద్దరూ పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1, ఎల్‌టీస్కేల్ 0.5 అని ముందే ఒప్పుకుని ఉంటే, ఫైళ్ల యూనిట్లు వేరైనా ముక్కలు కాగితం కొలతలోనే ఉండేవి.

యూనిట్ల తేడాను ఇన్‌స్‌యూనిట్స్ అమరిక సరిదిద్దుతుంది. మీటర్ల ఫైలును మిల్లీమీటర్ల ఫైలులోకి తెచ్చినప్పుడు 1000 రెట్లు పెంచుతుంది. రెండు ఫైళ్లలో దేంట్లోనైనా ఇన్‌స్‌యూనిట్స్ తప్పుగా ఉంటే బొమ్మ పరిమాణమే చెడుతుంది. అప్పుడు లైన్‌టైప్ గురించి ఆలోచించే ముందు తెలిసిన ఒక దూరాన్ని, రెండు సర్వే రాళ్ల మధ్య దూరం వంటిదాన్ని, కొలిచి చూసుకోవాలి.

లైన్‌టైప్ పేరుకు ముందు మూలఫైలు పేరు, మధ్య ఒక నిలువుగీత చేరతాయి. అంటే సర్వే ఫైలులోని హిడెన్, హోస్టు ఫైలులోని హిడెన్ రెండు వేర్వేరు నిర్వచనాలుగా పక్కపక్కన బతుకుతాయి. మూలఫైలు అంగుళాల టెంప్లేట్‌లో పుట్టి ఉంటే దాని హిడెన్ ముక్క 0.25, ఖాళీ 0.125, హోస్టులో ముక్క 6.35. రెండింటికీ తేడా 25.4 రెట్లు. ఒకే పేరు, ఒకే ఎల్‌టీస్కేల్ ఉన్నా ఒక ఫైలు గీతలు చక్కగా, మరో ఫైలు గీతలు నిండుగా పడ్డాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. హోస్టులో ఎల్‌టీస్కేల్ మార్చి దీన్ని సరిచేయబోతే రెండోవైపు చెడుతుంది. మూలఫైలు తెరిచి, మెజర్‌మెంట్ అమరికను 1 చేసి, ఎకాడ్‌ఐసో డాట్ లిన్ నుంచి లైన్‌టైపులను మళ్లీ లోడ్ చేయడమే సరైన మందు.

లేయర్ దోషాలు

గీతకు లైన్‌టైప్ మూడు విధాల అందుతుంది: లేయర్ నుంచి, బ్లాక్ నుంచి, లేదా నేరుగా. హోస్టు ఫైలులో ఎక్స్‌రెఫ్ లేయర్ లైన్‌టైప్ మార్చినా గీత మారలేదంటే ఆ గీతకు నేరుగా లైన్‌టైప్ ఇచ్చి ఉండాలి. మూలఫైలులో సెట్‌బైలేయర్ ఆదేశంతో దాన్ని లేయర్‌కు అప్పగించవచ్చు. మూలఫైలు మన చేతిలో లేనప్పుడు, ఎక్స్‌రెఫ్‌ఓవర్‌రైడ్ అమరికను 1 చేస్తే హోస్టు ఫైలు ఆ ఎక్స్‌రెఫ్ గీతలన్నిటినీ లేయర్ ప్రకారమే చూపుతుంది.

దీనికి తలకిందుల దోషం విస్‌రిటైన్ అనే అమరిక వల్ల వస్తుంది. ఇది మామూలుగా 1 ఉంటుంది. హోస్టు ఫైలులో ఎక్స్‌రెఫ్ లేయర్లకు చేసిన మార్పులను గుర్తుంచుకుంటుంది. ఇది మేలైన ఏర్పాటే, అయితే దీనికి ఒక పర్యవసానం ఉంది. సర్వేయరు తన ఫైలులో సరిహద్దు లేయర్‌ను నిండుగీత నుంచి సెంటర్ లైనుకు మార్చి పంపినా, హోస్టు ఫైలు పాత నిండుగీతనే చూపుతూ ఉండవచ్చు. మూలఫైలు తెరిస్తే సరిగా ఉంటుంది, హోస్టులో ఉండదు. రీలోడ్ చేసినా మారదు. విస్‌రిటైన్‌ను 0 చేసి, రీలోడ్ చేసి, తిరిగి 1 చేస్తే కొత్త రూపం వస్తుంది. ఇలా చేసినప్పుడు హోస్టులో కావాలని చేసుకున్న రంగు, ఫ్రీజ్ మార్పులు కూడా పోతాయి కాబట్టి ముందుగా లేయర్ స్టేట్ ఒకటి దాచుకోవాలి.

జ్యామితి దోషాలు

టోటల్ స్టేషన్ పాయింట్ల నుంచి వచ్చే పాలీలైన్లకు దగ్గరదగ్గరగా మలుపులు ఉంటాయి. ప్లైన్‌జెన్ అనే అమరిక 0 ఉన్నప్పుడు గీసిన పాలీలైనులో ప్రతి మలుపు దగ్గరా ముక్క, ఖాళీ వరుస మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. మలుపుల మధ్య దూరం ఒక వరుసకు చాలకపోతే ఆ భాగం నిండుగీతగా పడుతుంది. వాగు ఒడ్డు, గుట్ట అంచు, క్వారీ అంచు వంటి వంకర గీతల్లో ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గ్రానైట్ క్వారీలున్న కృష్ణగిరి జిల్లాలో ఇటువంటి గీతలకు కొదవ లేదు. పెడిట్ ఆదేశంలో లైన్‌టైప్ జనరేషన్‌ను ఆన్ చేస్తే వరుస మలుపులను దాటి సాగుతుంది. ఇది గీతకు చెందిన గుణం కాబట్టి మూలఫైలులోనే చేయాలి.

త్రీడీ పాలీలైను ఏ లైన్‌టైప్ ఇచ్చినా నిండుగానే కనబడుతుంది. సర్వే ఫైలులో నేల వంపులను పట్టే గీతలు తరచూ ఈ రకంవే. వాటిని ముక్కలుగా చూపాలంటే టూడీ పాలీలైనుగా నకలు తీసి వేరే లేయర్‌లో ఉంచాలి.

మూడోది ఒకదానిమీద ఒకటి పడిన గీతలు. ఒకే గీత రెండుసార్లు ఉండి, వాటి వరుసలు కాస్త జరిగి ఉంటే ఒకదాని ముక్క మరొకదాని ఖాళీని కప్పేస్తుంది. ఒకే ఫైలులోని జంటగీతలను ఓవర్‌కిల్ ఆదేశం తీసివేస్తుంది. అవి రెండు వేర్వేరు ఫైళ్లలో ఉంటే ఓవర్‌కిల్ ఏమీ చేయలేదు. సర్వే ఫైలును భవనం ప్లాను అటాచ్ పద్ధతిలో తెచ్చుకుంది, ఆ ప్లానును ఎలక్ట్రికల్ ఫైలు తెచ్చుకుంది, ఎలక్ట్రికల్ ఫైలు సర్వేను మళ్లీ నేరుగా కూడా తెచ్చుకుంది అనుకుంటే, సరిహద్దు గీత రెండు దారుల్లో వచ్చింది. రెండు రాకల్లో స్థానం రవ్వంత తేడాగా ఉన్నా ఖాళీలు మూసుకుపోతాయి. భవనం ప్లానులో సర్వేను ఓవర్‌లే పద్ధతిలో ఉంచితే అది మరో ఫైలులోకి వెంట వెళ్లదు. పలువురి మధ్య తిరిగే ఫైళ్లలో ఓవర్‌లేనే మామూలు పద్ధతిగా పెట్టుకోవడం మేలు.

యూటీఎం జోన్ల సరిహద్దు

ఈ జిల్లాకు ప్రత్యేకమైన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. భూమిని 6 డిగ్రీల రేఖాంశాల పట్టీలుగా విడగొట్టే యూటీఎం పద్ధతిలో 43వ జోన్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ముగిసి 44వ జోన్ మొదలవుతుంది. ఆ రేఖ సూళగిరి పరిసరాల మీదుగా పోతుంది. సుమారు 77.8 డిగ్రీల దగ్గరున్న హోసూరు 43వ జోన్‌లోకి, 78.2 డిగ్రీల దగ్గరున్న కృష్ణగిరి 44వ జోన్‌లోకి వస్తాయి. ఒకే జాతీయ రహదారి మీది రెండు ఊళ్లకు ఈస్టింగ్ విలువలు ఒకదానితో ఒకటి పొంతన లేనివి: హోసూరుకు సుమారు 8 లక్షల మీటర్లు, కృష్ణగిరికి సుమారు 2 లక్షల మీటర్లు. సూళగిరి దగ్గరి స్థలానికి ఒక సర్వే ఒక జోన్‌లో, మరో సర్వే మరో జోన్‌లో వస్తే, ఎక్స్‌రెఫ్‌లు వందల కిలోమీటర్ల ఎడంగా పడతాయి.

లైన్‌టైప్‌కు దీనితో సంబంధం పెద్ద అంకెల ద్వారా వస్తుంది. ఈ అక్షాంశం దగ్గర నార్తింగ్ సుమారు 14 లక్షల మీటర్లు. మిల్లీమీటర్లలో 140 కోట్లు. మూలబిందువు నుంచి అంత దూరంలో తెర మీద హ్యాచ్‌లు చెదరడం, లైన్‌టైప్ ముక్కలు వణకడం, మాయమవడం వంటివి జరుగుతాయి. ఇంత పెద్ద అంకెలున్న ఫైలును మూలబిందువు దగ్గరికి జరిపి పనిచేసుకోవాలి. జరిపిన దూరాన్ని షీటు మీద రాసి ఉంచాలి. సర్వే ఫైలును దాని స్థానంలోనే వదిలి, హోస్టులోకి తెచ్చేటప్పుడు జరపడం ఇంకా శుభ్రమైన పద్ధతి.

ప్లాట్ దశ దోషాలు

లేఅవుట్‌లో సరిగా ఉండి కాగితం మీద చెడితే కారణం ప్లాట్ స్టైల్‌లోనో, పీడీఎఫ్‌లోనో, ప్రింటరులోనో ఉంటుంది. సీటీబీ అనే ప్లాట్ స్టైల్ పట్టిక రంగును బట్టి మందం నిర్ణయిస్తుందని అందరికీ తెలుసు. అదే పట్టిక లైన్‌టైప్‌ను కూడా మార్చగలదన్నది అంతగా పట్టించుకోరు. ఏదైనా రంగుకు లైన్‌టైప్ గడిలో "గీతకున్నదే వాడు" అన్న అర్థమిచ్చే ఎంపిక బదులు సాలిడ్ ఎంచుకుని ఉంటే ఆ రంగు గీతలన్నీ నిండుగా పడతాయి. ఒక రంగు మాత్రమే చెడి మిగతావి బాగుంటే వెతకాల్సిన చోటు ఇదే. అదే పట్టికలోని అడాప్టివ్ అనే అమరిక, గీత చివర వరుస పూర్తయ్యేలా స్కేలును కాస్త సర్దుతుంది. తెర మీది ముక్కల లెక్క, కాగితం మీది లెక్క సరిపోకపోవడానికి అది ఒక కారణం.

గీత మందం ఖాళీని తింటుంది. గీత చివరలు గుండ్రంగా ఉండే అమరికలో ప్రతి ముక్కా రెండు వైపులా సగం మందం చొప్పున ముందుకు పొడుచుకు వస్తుంది. అంటే 0.5 మి.మీ. గీతలో 1.5 మి.మీ. ఖాళీ కాగితం మీద 1 మి.మీ. అవుతుంది. ఇంతవరకు పరవాలేదు. అదే ఏ1 షీటును ఏ3కి తగ్గించి తీస్తే పొడవులన్నీ సగమవుతాయి. ప్లాట్ పేటికలో గీత మందాన్ని కూడా స్కేలు చేసే ఎంపికను టిక్ చేయకపోతే మందం 0.5 మి.మీ. అలాగే ఉండి, ఖాళీ 0.75 మి.మీ. నుంచి 0.25 మి.మీ.కు పడిపోతుంది. మామూలు కాగితం మీద సిరా కాస్త పాకితే అదీ మూసుకుపోతుంది. "లైను కలిసిపోయింది" అన్న ఫిర్యాదుల వెనక ఎక్కువగా ఉండేది ఇదే.

పీడీఎఫ్ చూసే సాఫ్ట్‌వేర్లలో సన్నగీతలను తెర మీద ముదురుగా చూపే అమరిక ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే సరైన పీడీఎఫ్‌లో కూడా ఖాళీలు నిండినట్టు కనబడతాయి. 400 శాతం పెద్దది చేసి చూస్తే నిజం తేలుతుంది. ప్లాటింగ్ షాపులో కాగితానికి సరిపెట్టే ఎంపిక పెట్టి తీస్తే స్కేలుతోపాటు ముక్క పొడవూ మారుతుంది.

అక్షరాలు, చిహ్నాలు కలిసిన గ్యాస్ లైన్, కంచె వంటి లైన్‌టైపులు టెక్స్ట్ స్టైల్ మీద, ఎల్‌టైప్‌ఎస్‌హెచ్‌పీ డాట్ ఎస్‌హెచ్‌ఎక్స్ వంటి ఆకార ఫైళ్ల మీద ఆధారపడతాయి. ప్రింటు తీసే కంప్యూటర్‌లో ఆ ఫైలు లేకపోతే చిహ్నాలు రావు. ఈట్రాన్స్‌మిట్ ఆదేశంతో ప్యాక్ చేసి పంపితే ఎక్స్‌రెఫ్‌లు, ఫాంట్లు, ఆకార ఫైళ్లు, ప్లాట్ స్టైల్ పట్టికలు కలిసి వెళ్తాయి.

నిర్ధారణ క్రమం

మొదట దోషం ఎక్కడ మొదలైందో చూడాలి: మూలఫైలులోనా, హోస్టు మోడల్‌లోనా, లేఅవుట్‌లోనా, పీడీఎఫ్‌లోనా, కాగితం మీదనా. ఈ అయిదు చోట్లలో చివరిసారి బాగున్న చోటుకూ, మొదటిసారి చెడిన చోటుకూ మధ్యనే కారణం ఉంటుంది. రీజెన్‌ఆల్ ఇచ్చాకే ఈ పరీక్ష చేయాలి. ఆ తర్వాత చెడిన గీతను ఎంచుకుని లిస్ట్ ఆదేశంతో దాని లైన్‌టైప్ ఎక్కడినుంచి వస్తోంది, సొంత స్కేలు ఎంత, అది ఏ రకం వస్తువు అని చూడాలి. ఎక్స్‌రెఫ్ లోపలి గీతకు ఎక్స్‌లిస్ట్ వాడాలి. అన్ని ఎక్స్‌రెఫ్‌ల గీతలూ చెడితే హోస్టు అమరికలను, ఒక్క ఎక్స్‌రెఫ్ మాత్రమే చెడితే ఆ ఫైలు నిర్వచనాలను, ఒక్క లేయర్ చెడితే విస్‌రిటైన్‌ను, ఒక్క గీత చెడితే జ్యామితిని, ఒక్క రంగు చెడితే సీటీబీని చూడాలి. పీఎస్‌ఎల్‌టీస్కేల్‌ను ప్రతి లేఅవుట్‌లోకి వెళ్లి విడిగా సరిచూసుకోవడం మంచిది.

ఒకేసారి రెండు అమరికలు మార్చకూడదు. కంగారులో ఎల్‌టీస్కేల్‌ను 100కు, తర్వాత 1000కి పెంచుకుంటూ పోవడం, కుదరక గీతలకు ఒక్కొక్కటిగా సొంత స్కేలు ఇవ్వడం చాలా ఆఫీసుల్లో కనబడే అలవాటు. ఆ రోజు షీటు బయటపడుతుంది. వారం తర్వాత అదే ఫైలును ఇంకొకరు ఎక్స్‌రెఫ్‌గా తెచ్చుకున్నప్పుడు గీతలకు అంటుకున్న ఆ సొంత స్కేళ్లన్నీ వారి షీటులోకి వస్తాయి.

బైండ్ చేసేటప్పుడు

పని ముగిశాక ఎక్స్‌రెఫ్‌లను హోస్టులో శాశ్వతంగా కలపడాన్ని బైండ్ అంటారు. ఇందులో రెండు పద్ధతులు. బైండ్ పద్ధతిలో నిలువుగీత స్థానంలో రెండు డాలర్ గుర్తుల మధ్య అంకె చేరి, మూలఫైలు లైన్‌టైప్ నిర్వచనం విడిగా మిగులుతుంది. ఇన్సర్ట్ పద్ధతిలో ఫైలు పేరు తొలగి, ఒకే పేరున్న లైన్‌టైపులలో హోస్టుదే నిలుస్తుంది. అంగుళాల నిర్వచనాలు కలిసిన పనిలో ఇన్సర్ట్ పద్ధతి దోషాన్ని సరిచేయవచ్చు, బాగున్నదాన్ని చెరపనూవచ్చు. అందుకే అనుమతికి పంపే షీటును బైండ్ చేశాక మళ్లీ ఒక పీడీఎఫ్ తీసి, బైండ్‌కు ముందు తీసినదాని పక్కన పెట్టి చూడాలి.

ఇతర సాఫ్ట్‌వేర్లు

డీడబ్ల్యూజీ ఫైళ్లతో పనిచేసే బ్రిక్స్‌క్యాడ్, జడ్‌డబ్ల్యూక్యాడ్ వంటివాటిలోనూ ఎల్‌టీస్కేల్, పీఎస్‌ఎల్‌టీస్కేల్ అవే పేర్లతో ఉన్నాయి. మైక్రోస్టేషన్‌లో రిఫరెన్స్ ఒక్కొక్కదానికి లైన్ స్టైల్‌ను స్కేలు చేయాలా వద్దా అనే ఎంపిక విడిగా ఉంటుంది.

ప్రాముఖ్యం

ప్లానులో భవనం అంచు నిండుగీత అయితే, నేల కింది పైపు, భవిష్యత్తు విస్తరణ, తలపైని కరెంటు తీగ, వదలాల్సిన ఖాళీ స్థలపు హద్దు ముక్కగీతలు. గీత రకం మారితే అర్థమే మారుతుంది. తమిళనాడులో 2019 నాటి ఉమ్మడి అభివృద్ధి, భవన నియమాల కింద పరిశీలించే షీటులో సెట్‌బ్యాక్ హద్దు నిండుగీతగా పడితే అది గోడలా చదవబడుతుంది. డై తయారీలో హిడెన్ గీత నిండుగా పడితే వెనక వైపు ఉండాల్సిన గాడిని మెషినిస్టు ముందు వైపు తీయవచ్చు. ఉక్కు దిమ్మ వృథా అవుతుంది.

దీనికి ఖర్చులేని కాపలా ఒకటుంది. ప్రతి మూలఫైలులోనూ షీటు మూలకు వచ్చేలా ఒక పరీక్ష గీతను హిడెన్‌లో, లేఅవుట్‌లో దాని పక్కనే పేపర్ స్పేస్‌లో మరో హిడెన్ గీతను గీసి ఉంచాలి. అన్ని ఫైళ్లలోనూ ఒకే నిర్వచనం, హోస్టులో పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1 ఉంటే, ప్రింటు మీద రెండు గీతల ముక్కలూ ఒకే పొడవున ఉంటాయి. ప్లాటింగ్ షాపు బల్ల దగ్గరే మిల్లీమీటర్ల స్కేలు పెట్టి చూడవచ్చు: ఎల్‌టీస్కేల్ 0.5 అయితే ముక్క 3 మి.మీ. దాటి కాస్త, ఖాళీ గీత మందం పోగా ఒకటిన్నరకు కాస్త తక్కువ.